వచ్చిపోయే ఇంటర్నెట్: లోపం ఎక్కడున్నదో కనిపెట్టే పద్ధతి

(సంఘ కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో సమాఖ్య సాంకేతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మేము మాట్లాడబోయేది పశువుల మేతను గురించి కాదు, వ్యాధులను గురించీ కాదు. అయినప్పటికీ ఇది పాడి రైతు చేతికి వచ్చే సొమ్ముతో నేరుగా ముడిపడి ఉన్న విషయము. ఒకప్పుడు సంఘం లెక్క అంటే కొలత పాత్ర, బ్యూటిరోమీటరు, చేతిరాత రిజిస్టరు. నేడు చాలా సంఘాలలో తూకము, కొవ్వు శాతము, ఎస్.ఎన్.ఎఫ్. అన్నీ యంత్రం నుండి కంప్యూటరులోకి, అక్కడి నుండి ఇంటర్నెట్ ద్వారా యూనియన్ కార్యాలయానికి వెళ్తున్నాయి. ఆ లెక్క మీదనే బిల్లు తయారవుతున్నది, ఆ బిల్లు మీదనే బ్యాంకు ఖాతాలో సొమ్ము పడుతున్నది.

లైను సరిగ్గా లేకపోతే ఏమవుతుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక పూట లెక్క సగం చేరి సగం ఆగిపోతుంది. బిల్లు రోజున నాలుగు లీటర్లు తక్కువ పడ్డాయని ఒక తల్లి చీటీలు కొంగున కట్టుకొని వస్తుంది. "నెట్ లేదమ్మా" అని చెబితే ఆమెకు అర్థం కావలసిన పని లేదు. ఆమె పాలు పోసింది, చీటీ తీసుకున్నది. సంఘం నిలబడి ఉన్నది ఆ చీటీ మీది నమ్మకం పైనే. కనుక ఈ లోపాన్ని "మన చేతిలో లేని పని" అని వదిలివేయడానికి వీలు లేదు. దీనిలో చాలా భాగం మన చేతిలోనే ఉన్నదని చూపడమే ఈ ప్రసంగం ఉద్దేశము.

పూర్తిగా పోయిన లైను వేరు, వచ్చిపోయే లైను వేరు

లైను పూర్తిగా పోతే బాగుచేయడం తేలిక. మెకానిక్ వస్తాడు, తెగిన చోటు చూస్తాడు, అతుకుతాడు. చిక్కంతా వచ్చిపోయే లైనుతోనే. పాలు పోసే వేళకు పోతుంది, మెకానిక్ వచ్చేసరికి శుభ్రంగా పనిచేస్తుంది. "అంతా బాగానే ఉన్నదండీ" అని ఆయన వెళ్లిపోతాడు. మరునాడు మళ్లీ మొదటికే వస్తుంది.

విడిచి విడిచి వచ్చే జ్వరం కూడా ఇటువంటిదే. జ్వరం ఉన్న వేళ థర్మామీటరు పెట్టి, ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు ఉన్నది, ముందు చలి వచ్చిందా అని రాసుకుంటేనే వైద్యునికి దారి దొరుకుతుంది. అదేవిధంగా లైను పోయిన ఆ పది నిమిషాలలో మనం చూసిన దానికే విలువ ఎక్కువ. అయితే మనం సాధారణంగా చేసేదేమిటి? లైను పోగానే రూటరు స్విచ్చి ఆపి మళ్లీ వేస్తాము. ఒక్కొక్కప్పుడు బాగవుతుంది. కాని దానితో ఆధారమంతా చెరిగిపోతుంది. స్విచ్చి ఆపే ముందు రెండు నిమిషాలు ఆగి చూడండి. మా మొదటి విజ్ఞప్తి ఇదే.

దారిని నాలుగు మజిలీలుగా విడదీయండి

పొదుగువాపు వ్యాధి ఉన్నదని అనుమానం వస్తే మనం ఏమి చేస్తాము? పాలన్నీ ఒకే చెంబులో పిండి చూడము. నాలుగు చనుకట్ల పాలను విడివిడిగా నాలుగు గుంటల పళ్లెంలో వేసి పరీక్షిస్తాము. అప్పుడే జబ్బు ఏ కట్టులో ఉన్నదో తెలుస్తుంది. ఇంటర్నెట్‌ను కూడా అలాగే విడదీయాలి.

మొదటి మజిలీ మన కంప్యూటరు. రెండవది కంప్యూటరు నుండి రూటరు దాకా ఉన్న కేబులు లేక వైఫై, దానితోపాటు ఆ రూటరు. మూడవది రూటరు నుండి బయటకు పోయే లైను. అంటే ఫైబరు తీగ గాని, సిమ్ కార్డు ద్వారా అయితే సెల్ టవరు గాని. నాల్గవది దూరాన ఉన్న యూనియన్ సర్వరు. మన లెక్క ఈ నాలుగింటినీ దాటాలి. ఎక్కడ ఆగినా తెర మీద మనకు కనిపించేది ఒకే మాట, "కనెక్షన్ లేదు" అని. ఆ మాటను నమ్ముకొని వెదకడం మొదలుపెట్టకూడదు.

మూడు ప్రశ్నలు

ఏ మజిలీలో ఆగిందో తెలుసుకోవడానికి ప్రతి కంప్యూటరులోనూ పింగ్ అనే చిన్న సాధనం ఉంటుంది. దానిని అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాశాడు. ఇన్నేళ్లు గడిచినా అంతకంటె సులువైన పరికరం లేదు. బావిలో రాయి వేసి చప్పుడు వినడం వంటిది ఇది. ఒక చిరునామాకు చిన్న కబురు పంపుతుంది, జవాబు వచ్చిందా, ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చింది అన్నది చూపుతుంది. కంప్యూటరులో కమాండ్ కిటికీ తెరచి పింగ్ అని, ఒక ఖాళీ వదిలి, చిరునామా టైపు చేయాలి.

మొదటి ప్రశ్న మన రూటరును అడగాలి. దాని చిరునామా చాలాచోట్ల 192.168.1.1 లేక 192.168.0.1 అని ఉంటుంది. రూటరు అడుగున చీటీ మీద రాసి ఉంటుంది. రెండవ ప్రశ్న బయటి ప్రపంచంలో ఎప్పుడూ జవాబిచ్చే చిరునామా 8.8.8.8ను అడగాలి. మూడవ ప్రశ్న అంకెలతో కాక, ఏదైనా తెలిసిన వెబ్‌సైటు పేరుతో అడగాలి.

ఇప్పుడు జవాబులను ఇలా చదువుకోవాలి. రూటరే పలకకపోతే లోపం మన గదిలోనే ఉన్నది; బయటి వారికి ఫోను చేసి ప్రయోజనం లేదు. రూటరు పలికి 8.8.8.8 పలకకపోతే లోపం రూటరు దాటిన లైనులో ఉన్నది. ఈ రెండూ పలికి, పేరుతో అడిగినప్పుడు పేరు అంకెగా మారకపోతే, పేర్లను అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్. సేవలో లోపం ఉన్నది. పేరు అంకెగా మారి జవాబు మాత్రం రాకపోతే దానిని లోపమని అనుకోవద్దు. కొన్ని సర్వర్లు పింగ్‌కు జవాబివ్వకుండా కట్టడి చేసి ఉంటాయి. మూడూ బాగుండి మన పాల లెక్క ప్రోగ్రాము మాత్రమే పనిచేయకపోతే, అప్పుడు యూనియన్ వారికి ఫోను చేయాలి.

ఒకటి రెండు కబుర్లు దారిలో పోతే గాభరా పడవద్దు, వైఫైలో అది మామూలే. వరుసగా పోతూ ఉంటేనే రాసుకోండి.

సంఘంలో ఒక పుస్తకం పెట్టండి

ఒక రూళ్ల పుస్తకం తీసుకొని అయిదు గడులు గీయండి: తేదీ, పోయిన వేళ, వచ్చిన వేళ, రూటరు దీపాలు ఎలా ఉన్నాయి, ఆ సమయంలో ఇంకేమి జరుగుతున్నది. చివరి గడి అన్నిటికంటె ముఖ్యము. కరెంటు పోయి వచ్చిందా, వాన పడుతున్నదా, కూలరు మోటారు మొదలయిందా, ఎవరయినా ఫోనులో సినిమా చూస్తున్నారా, ఇవన్నీ అక్కడ రాయాలి. వారం పది రోజులు ఇలా రాస్తే పుస్తకమే మాట్లాడుతుంది.

ఉదాహరణకు ఒక సంఘం పుస్తకం ఇలా ఉన్నదనుకుందాము. సోమవారం ఉదయం 6:50కి పోయింది, మూడు నిమిషాలలో వచ్చింది. మంగళవారం 6:55కి. అదే రోజు సాయంత్రం 6:20కి. బుధవారం మళ్లీ ఉదయం 6:50కి. మధ్యాహ్నం ఒక్కసారి కూడా పోలేదు. దీపాల గడిలో ప్రతిసారీ "అన్నీ ఆరి మళ్లీ వెలిగాయి" అని ఉన్నది. చివరి గడిలో ప్రతిసారీ "బల్క్ కూలరు వేశాము" అని ఉన్నది.

ఇక వెదకవలసింది ఏమున్నది? కంప్రెసరు మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటె అనేక రెట్లు కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. రూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది, తిరిగి లైను కలుపుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. దీనికి చికిత్స రూటరుకు చిన్న యూపీఎస్ పెట్టడము. ఇటువంటి సంఘం ఎంత ఎక్కువ వేగం గల ప్లాను కొన్నా లోపం తీరేది కాదు. యూపీఎస్ పెట్టిన తరువాత కూడా పుస్తకం మూయకూడదు. మరొక వారం రాసి, ఆ వేళలలో లైను పోలేదని చూసుకున్న తరువాతనే రోగం తగ్గిందని చెప్పాలి.

వేళను బట్టి కారణాన్ని ఊహించడము

పాల సేకరణ కేంద్రాలలో ఎక్కువగా ఎదురయ్యే కారణాలు ఇవి.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి వెలిగితే అది కరెంటు లోపము. వోల్టేజీతోపాటు అడాప్టరును కూడా అనుమానించాలి. పాతబడిన అడాప్టరు దీపం వెలిగించగలదు గాని పని ఎక్కువైనప్పుడు, గది వేడెక్కినప్పుడు చేతులెత్తేస్తుంది. కొత్తది కొనేటప్పుడు వోల్టులు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. ప్లగ్గు దూరినంత మాత్రాన ఏదో ఒక అడాప్టరు గుచ్చవద్దు.

పవరు దీపం నిలకడగా ఉండి, ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా వెలిగితే ఫైబరులో వెలుతురు రావడం లేదని అర్థము. ఫైబరు గాజుతీగ. దానిని తలుపు సందులో నలిపినా, మేకుకు చుట్టి మడతపెట్టినా వెలుతురు బయటకు కారిపోతుంది. గోడ మూల దగ్గర మలుపు విశాలంగా ఉండాలి. తీగ చివరను పంచె అంచుతో తుడవడం, కంటి ముందు పెట్టుకొని లోపలికి చూడడం రెండూ చేయకూడదు. అందులోని కిరణం కంటికి కనిపించదు గాని హాని చేయవచ్చును.

వాన, గాలి వచ్చినప్పుడే పోతూ ఉంటే స్తంభం మీది జాయింటు పెట్టెలో చెమ్మ చేరడమో, తీగ ఊగి తగలడమో కారణం కావచ్చును. అది లైను ఇచ్చిన వారు చూడవలసిన పని.

ఉదయం పూట బాగుండి సాయంత్రం పూట నెమ్మదిస్తూ ఉంటే, సిమ్ కార్డు మీద నడిచే సంఘాలు ముందుగా తమ ప్లాను చూసుకోవాలి. చాలా ప్లానులలో రోజుకు ఇంత డేటా అని ఒక హద్దు ఉంటుంది. అది దాటితే వేగం తగ్గించివేస్తారు. అర్ధరాత్రి దాటాక తిరిగి మామూలవుతుంది. అందువలన తెల్లవారి పూట ఏ లోపమూ కనిపించదు. ఆ డేటాను ఎవరు వాడుతున్నారో చూడండి. పాల లెక్కకు పట్టేది బహు కొద్ది. కంప్యూటరు తనంతట తాను దింపుకొనే అప్‌డేట్లు, కార్యాలయం వైఫైకి కలిపిన పది ఫోన్లు, సీసీ కెమెరా, ఇవే ఎక్కువ తింటాయి. వైఫై సంకేత పదం గోడ మీద రాసిపెట్టడం సంఘానికి క్షేమం కాదు.

కంప్యూటరును ఒకచోట పెడితే పనిచేసి మరొకచోట పనిచేయకపోతే అది వైఫై లోపము. మన గదిలో స్టీలు క్యాన్లు, కూలరు ట్యాంకు, ఇనుప బీరువా ఉంటాయి. లోహం రేడియో తరంగాలను అడ్డగిస్తుంది. దొంగల భయంతో రూటరును బీరువాలో పెట్టి తాళం వేస్తే వైఫైకి కూడా తాళం వేసినట్లే. లెక్క పంపే కంప్యూటరును మాత్రం వైఫై మీద వదలకుండా కేబులుతో రూటరుకు కలపడం ఉత్తమము. ఇటువంటి కేబులు ఒక్క పరుగున 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. మన గదికి కావలసింది పది మీటర్లే.

కేబులు కదిపితే లైను వచ్చి, వదిలితే పోతూ ఉంటే వెదకనక్కరలేదు. ప్లగ్గు మీది చిన్న నాలుక విరిగి ఉంటుంది, లేకపోతే ఎలుక కొరికి ఉంటుంది. మనం రోజుకు రెండు పూటలా గది కడుగుతాము. నేల మీద పారేసిన కేబులులోకి నీరు చేరి రాగి చిలుము పడుతుంది. కేబులును గోడ వెంట ఎత్తున కొట్టించండి.

కంప్యూటరు చిరునామా 169.254తో మొదలయినట్లు కనిపిస్తే దానికి రూటరు నుండి చిరునామా అందలేదని గుర్తు. కేబులు, రూటరు సరిచూడాలి. ఎవరో పాత రూటరును తెచ్చి రెండవదిగా తగిలించిన చోట కూడా ఇటువంటి గందరగోళం వస్తుంది. రెండూ చిరునామాలు పంచుతూ ఒక యంత్రానికి ఇచ్చినదే మరొక యంత్రానికీ ఇస్తాయి. ఒకే నంబరు చీటీ ఇద్దరు రైతులకు ఇచ్చినట్లవుతుంది. పాతదానిని తీసివేయాలి.

చివరిది చాలామందికి తట్టని కారణము. కరెంటు పోయి వచ్చిన తరువాత పింగ్ పనిచేస్తుంది గాని ఏ వెబ్‌సైటూ, ఏ లెక్కా తెరుచుకోవు. అప్పుడు కంప్యూటరు మూలనున్న తేదీ చూడండి. ఏ పదేళ్ల కిందటి తేదీయో చూపుతూ ఉంటే, లోపల గడియారాన్ని నడిపే సి.ఆర్.2032 అనే నాణెం వంటి బ్యాటరీ అయిపోయింది. నేటి వెబ్‌సైట్లు భద్రతా పత్రాలతో నడుస్తాయి. తేదీ తప్పయితే ఆ పత్రాలు చెల్లవని కంప్యూటరు తలుపు మూసివేస్తుంది. కొద్ది రూపాయల బ్యాటరీ మారిస్తే తీరే బాధ ఇది.

ఒకసారికి ఒక్క మార్పు

దాణా, పచ్చిగడ్డి, మందు మూడూ ఒకే రోజు మార్చితే పాలు దేనివలన పెరిగాయో చెప్పలేము. ఇక్కడా అంతే. ఒక్కటే మార్చండి, పుస్తకంలో రాయండి, రెండు మూడు రోజులు చూడండి. పొరుగు సంఘం నుండి పనిచేస్తున్న కేబులు, అడాప్టరు అడిగి తెచ్చి మార్చి చూడడం మంచి పరీక్ష. రూటరు వెనుక సూదితో నొక్కే రంధ్రం జోలికి మాత్రం పోవద్దు. అది నొక్కితే లైనుకు సంబంధించిన అమరికలన్నీ చెరిగిపోయి, వచ్చిపోయే లైను పూర్తిగా పోయిన లైను అవుతుంది.

ఫిర్యాదు చేసే విధానము

లోపం బయటిదని తేలితే లైను ఇచ్చిన వారికి ఫిర్యాదు చేయాలి. "నెట్ సరిగా రావడం లేదు" అనవద్దు. "ఈ వారంలో ఆరుసార్లు పోయింది, ఈ తేదీలలో, ఈ వేళలలో, ప్రతిసారీ ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉన్నది, రూటరుకు కరెంటు ఉన్నది, కంప్యూటరు కేబులుతోనే ఉన్నది" అని చెప్పండి. ఫిర్యాదు నంబరు తీసుకొని పుస్తకంలో రాయండి. మెకానిక్ వస్తే ఫైబరులో వెలుతురు ఎంత వస్తున్నదో కొలిపించి, ఆ అంకెను రాయించుకోండి. ఇళ్లకు, కార్యాలయాలకు ఇచ్చే సాధారణ ఫైబరు లైనులో అది మైనస్ 8 నుండి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 దగ్గరకు పోతున్న కొద్దీ లైను అంచు మీద నడుస్తున్నట్లు లెక్క. ఎండకో చలికో కాస్త తగ్గినా పడిపోతుంది. బాగున్న రోజున ఎంత ఉన్నదో రాసిపెట్టుకుంటే, చెడిన రోజున పోల్చడానికి వీలవుతుంది.

మరొక హెచ్చరిక. "ఇంటర్నెట్ ఆఫీసు నుండి మాట్లాడుతున్నాము, మీ కంప్యూటరును మేమే బాగుచేస్తాము, ఈ ప్రోగ్రాము దింపుకోండి" అని ఎవరైనా ఫోను చేస్తే ఒప్పుకోవద్దు. సభ్యుల బ్యాంకు ఖాతా వివరాలు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. మోసం జరిగినట్లు తోస్తే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

లైను ఆగినా తూకం ఆగరాదు

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతున్నాము. లైను పోయిందని క్యూలో ఉన్న రైతును నిలబెట్టరాదు. పాలు ఆగవు, పులిసిపోతాయి. చాలా సేకరణ యంత్రాలు లైను లేకపోయినా పూట లెక్కను తమలో దాచుకొని, లైను వచ్చాక పంపుతాయి. మీ యంత్రం అటువంటిదో కాదో యూనియన్ సాంకేతిక సిబ్బందిని అడిగి ఈ వారమే తెలుసుకోండి. కాకపోతే రిజిస్టరులో సభ్యుని నంబరు, లీటర్లు, కొవ్వు శాతము, ఎస్.ఎన్.ఎఫ్. అప్పటికప్పుడే రాసి, చేతితోనే చీటీ ఇవ్వండి. తరువాత గుర్తు చేసుకొని రాద్దామని వదలరాదు.

లైను వచ్చిన తరువాత రెండు పొరపాట్లకు అవకాశం ఉన్నది: లెక్క అసలు చేరకపోవడము, రెండుసార్లు చేరడము. సగంలో ఆగిన పూటను మళ్లీ పంపేముందు అక్కడ ఎంతవరకు చేరిందో చూడండి. ప్రతి పూట చివర రెండే అంకెలు సరిపోల్చండి. పాలు పోసిన సభ్యుల సంఖ్య, మొత్తం లీటర్లు మన దగ్గరా యూనియన్ దగ్గరా ఒకటేనా? ఒకటయితే ఆ పూట ముగిసినట్లు. కాకపోతే ఆ రోజే సరిచేయించండి. బిల్లు తయారయ్యాక దిద్దించడం ఎంత ప్రయాస అన్నది మీకు తెలియనిది కాదు.

పాలకవర్గాలకు మనవి

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక రూళ్ల పుస్తకము, అదనంగా ఒక కేబులు, రూటరుకు చిన్న యూపీఎస్, తీగలు ఎటునుండి ఎటు పోతున్నాయో గీసిన ఒక కాగితము, ఫిర్యాదు చేయవలసిన ఫోను నంబరు. ఇంతవరకు వచ్చే సమావేశంలో తీర్మానించి ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. పుస్తకం రాసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఈ మాటలు విన్నందువలన మీరంతా ఇంజనీర్లు కానక్కరలేదు. పాలు విరిగితే ఏ క్యానులో విరిగాయో వాసన చూసి చెప్పగల వారు మీరు. ఆ ఓపికనే ఈ పెట్టె మీద కూడా చూపితే చాలును. సందేహాలున్న వారు తమ సంఘం పుస్తకంతో వచ్చి మమ్మల్ని అడగవచ్చును. అందరం కలిసి ఆ గడులు చదువుదాము.